ఆరు గంటల నైవేద్యం

మా మేనత్త పోయిన మంగళవారం మధ్యాహ్నం కన్నుమూసింది. మజ్జిగన్నం తిని, చాప మీద ఒత్తిగిలి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. కబురు విని వచ్చినవాళ్ళంతా, "ఆ కడుపునొప్పి మళ్ళీ వచ్చిందా?" అని అడిగారు. రాలేదు. ఆ మాట చెప్పగలగడమే ఈ దుఃఖంలో నాకు పెద్ద ఊరట.

ఎనిమిదేళ్ళ కిందటే ఆమె మాకు దక్కదనుకున్నాం. పిల్లల్లేరు, భర్త పోయాక తిరుపతిలో మా ఇంట్లోనే ఉండేది. అరవై దాటినా నెలకోసారి అలిపిరి నుంచి నడిచే కొండెక్కేది. అలాంటి మనిషి వీధి చివరి దాకా వెళ్ళి, ఎవరి అరుగు మీదో కూలబడటం మొదలుపెట్టింది. పొట్ట పైభాగంలో నొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పాలిపోయిన ముఖం. మేమంతా మహా వైద్యులం కదా! నా భార్య వేడి అన్నది, నేను గ్యాసు అన్నాను, ఎదురింటి మామి దిష్టి తీసింది. చివరికి అందరం కలిసి నెపం వయసు మీద నెట్టేశాం. అది తలచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ కోపం వస్తుంది.

అత్త లెక్క వేరు. వాళ్ళమ్మ కడుపులో గడ్డతో పోయింది. తనకూ అదేనని తీర్మానించుకుని, ఇత్తడి సామాను ఒక్కొక్కటే ఇరుగుపొరుగుకు పంచేయసాగింది. ఎవరినీ ముట్టనివ్వని ఇడ్లీ పాత్ర ఎదురింటికి చేరిన రోజు నాకు నిజంగా భయం పట్టుకుంది.

"వేలూరు ఆసుపత్రికి పోదాం పా అత్తా," అన్నాను.

"ఆడికి పోయి తెలుసుకునేదేముందిరా? గడ్డ ఉండాదంటారు. అది నాకు ఈడే తెలుసు."

మూడు రోజులు బతిమాలి, నాలుగో రోజు కసిరి బస్సెక్కించాను.

అక్కడ తెల్లటి మందేదో తాగించి ఎక్స్‌రేలు తీశారు. డాక్టరు పెద్దాయన, నెమ్మదస్తుడు. "విరేచనం నల్లగా అవుతుందామ్మా?" అని అడిగాడు. అత్త నా వైపు ఒకసారి చూసి, తల వంచుకుని అవునంది. ఆరు నెలలుగా మాకు చెప్పుకోలేక దాచుకున్న సంగతి అది.

"ఇంకేం మందులు మింగుతారు?"

"మందులేం లేవయ్యా. మోకాళ్ళకు ఈ మాత్రలు, అంతే," అంటూ కొంగు ముడి విప్పింది. రెండు తెల్ల మాత్రలు.

మోకాళ్ళు సహకరించకపోతే కొండెక్కలేనని, అంగట్లో కొనుక్కుని రెండేళ్ళుగా రోజూ తెల్లవారుజామున వేసుకుంటోందట. మా ఇంట్లో వెన్నముద్ద కృష్ణుడి చిన్న కంచు విగ్రహం ఉంది. స్నానం, మడి, వంట, పూజ అన్నీ ముగిసి ఆయనకు నైవేద్యం పెట్టేసరికి పది దాటేది. అంతవరకు అత్త ఎంగిలి పడేది కాదు. మాత్రలు మాత్రం తులసి తీర్థంతో మింగేసేది.

"మాత్ర అన్నం గాదు గదయ్యా, దానికేం దోషం?" అని డాక్టరునే ఎదురడిగింది.

ఆయన నవ్వలేదు. పరగడుపున ఆ మాత్రలు పడీ పడీ కడుపులో పుండైందని, దాన్నుంచి కొంచెం కొంచెంగా నెత్తురు పోతోందని, ఆ నలుపూ ఈ నీరసమూ అందుకేనని విడమరిచి చెప్పాడు. గడ్డ లేదు. ఆ మాత్రలు మానేసి, తానిచ్చే మందు వాడి, పొద్దున లేవగానే ఏదైనా తింటే నయమవుతుందన్నాడు. వయసు వల్లేననుకున్నామని నేను ఒప్పుకుంటే, నా వైపు తిరిగాడు. "ఇలాంటి నొప్పికి కారణం పుండు కావచ్చు, పిత్తాశయంలో రాళ్ళు కావచ్చు, చెడ్డ గడ్డే కావచ్చు. చూడకుండా వయసు అనేస్తే ఎట్లయ్యా?"

బయట బల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. "గడ్డ లేదంటే ఏడుస్తావేందిరా?" అని అత్త నా వీపు నిమిరింది.

కానీ ఇంకో చిక్కుంది. స్వామి తినకముందు ఆమె తినదు. ఆ పట్టుదల నాకు తెలుసు. తిరుగు బస్సులో చిత్తూరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అన్నది.

"రేయ్, ఆయన చంటిపిల్లోడు గదా! పదింటి దాకా పస్తు పెట్టినానే ఇన్నేళ్ళూ! రేపట్నుంచి ఆరింటికే పాలు, అరటిపండు."

అంతే. మర్నాటి నుంచి మా ఇంట్లో దేవుడు ఆరింటికే ఫలహారం చేశాడు, ఆయన వెనకాలే అత్త. కొన్నాళ్ళకు ముఖంలోకి రంగు వచ్చింది. "నేను యాడికీ పోవడంలేదు, నా పాత్ర నాకియ్యి," అని మామి దగ్గర్నుంచి ఇడ్లీ పాత్ర తెచ్చేసుకుంది. ఏడాది తిరిగేసరికి, ఆగి ఆగి అయినా, కొండెక్కింది. ఆ తర్వాత వీధిలో ఏ ముసలామె నీరసమన్నా అత్త అడిగే మొదటి మాట ఒక్కటే: "కొంగులో ఏం మాత్రలు దాచినావు, చూపించు!" అలా ఇద్దరు ముగ్గురిని తానే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

ఇప్పుడు మాకు మైల. ఇంట్లో పూజ లేదు, కానీ కృష్ణుడికి నైవేద్యం ఆగకూడదు. విగ్రహాన్ని ఎదురింటికి పంపుతూ మామితో చెప్పాను: "ఆరింటికే పాలు, అరటిపండు పెట్టండి మామీ."

"మా ఇంట్లో పూజ తొమ్మిదికి గదయ్యా?"

"ఆయనకు అలవాటైపోయింది," అన్నాను.

మర్నాడు పొద్దున ఎదురింట్లో గంట వినిపించింది. గడియారం చూశాను, ఆరు. వంటింట్లో నా భార్య అత్త పాలగ్లాసు అందుకుని, పాలు సగం పోసి, ఆగిపోయింది.