కళ్లు మూసుకుని చెప్పే పాఠం

మా బయాలజీ మేడం పోయారని ఫోన్ వచ్చేసరికి చిక్కడపల్లిలో టీ తాగుతున్నాను. గ్లాసు అక్కడే పెట్టి లేచాను. నారాయణగూడ దాకా నడిచాను, తిరిగొచ్చాను, మళ్లీ నడిచాను. కాలుగాలిన పిల్లిలా ఎంత తిరిగినా మనసు కుదుటపడలేదు.

అశోక్‌నగర్‌లో సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలకు ఆవిడ పాఠాలు చెప్పేవారు. ఒకప్పుడు నాకూ చెప్పారు. ఇప్పుడు అదే కోచింగ్‌లో నేనూ చెబుతున్నాను. పోయిన వారం ఆస్పత్రి మంచం మీద నాకు ఒక్కటే పని అప్పగించారు.

"నాడీకణం పాఠం సగంల ఉన్నది. జర నువ్వు పూర్తి చెయ్యి బిడ్డా."

సరే అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో! ఆ పాఠం ఆవిడలా చెప్పడం నా వల్ల అవుతుందా?

ఆక్టిన్ అనే ప్రోటీన్ ఎక్కడుంటుందని అడిగితే ఏ బ్యాచ్ అయినా ఒకటే జవాబు: కండరాల్లో. బిట్లు బట్టీ పట్టే జాతి కదా మాది, కండరం దాటి ఆలోచించం. ఆవిడ కోప్పడేవారు కాదు. బల్లలు పక్కకు జరిపించి అందరినీ వరుసలో నిలబెట్టేవారు. తాను ముందు నిలబడి, కళ్లు మూసుకుని, వేళ్లు చాచి గోడ తడిమేవారు. ఎదిగే నాడీకణం కొసన ఆక్టిన్ చేసేది అదేనట, వేళ్లలాంటివి చాచి తోవ వెతకడం. కిటికీ ఊచ తగిలితే అది తోవ కాదని చెయ్యి వెనక్కి. చెక్క తలుపు తగిలితే "దొరికింది" అనేవారు. భుజాలు పట్టుకుని వెనక నిలబడ్డవాళ్లం అప్పుడే అడుగు వేయాలి. మేము ట్యూబులిన్, ఇంకో ప్రోటీన్. దొరికిన తోవను గట్టిగా నిలబెట్టే పని మాది. ఆగలేక తోసినవాడికి మాత్రం చీవాట్లు తప్పేవి కావు.

"తడుముడు సిగ్గు కాదు. తడమకుండ ఉరుకుడు సిగ్గు," అనేవారు.

అంత్యక్రియల మర్నాడు క్లాసుకు వెళ్లాను. పిల్లలు అప్పటికే బల్లలు జరిపి ఉంచారు. అది చూడగానే ఏడుపొచ్చింది. ఎలాగో ముందు నిలబడి కళ్లు మూసుకున్నాను. ఊచ తగిలింది, చెయ్యి తీశాను. మళ్లీ తడిమాను. చెక్క తగిలింది. ఇక ఆ ఒక్క మాట అనాలి. అనకుండా ఆ చెక్కనే మళ్లీ మళ్లీ తడిమాను.

వెనక ఎవరూ తోయలేదు. నా భుజం పట్టుకున్న అమ్మాయి మెల్లగా అంది:

"నిమ్మళంగ సార్. మేం ఆగుతం."

వరుస కదలలేదు. నా వేళ్లు తలుపు మీదే ఉన్నాయి.