పిలకలు వెయ్యని అంతర తామర

అద్దాల తొట్టిలో పచ్చటి ఆకు తేలుతూ కనబడితే అందరూ ముచ్చటపడతారు. నేను పడను. వంగి, పక్కన పిలక వేసిందా లేదా అని చూస్తాను. పచ్చగా ఉంది కదా అని దేన్నీ నమ్మకూడదని నాకు చిన్నప్పుడే తెలిసింది, తెలిసిన తీరు మాత్రం బాగాలేదు.

మాది తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఇసుక పల్లె. కరెంటు ఇంకా రాలేదు. అరవైల మొదట్లో, మద్రాసులో ఉద్యోగం చేసే మా మేనమామ ఇల్లు మారుతూ, చేపలు పెంచుకునే తొట్టిని తెచ్చి మా వసారాలో పెట్టి పోయాడు. ఇనుప చట్రం, నాలుగు పక్కలా అద్దాలు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. నాయన అందులో వాగు చేపల్ని వదిలి, వాటికి నీడ కావాలని అంతర తామర మొక్కలు రెండు తెచ్చి వేశాడు. వేళ్లు నీళ్లలోకి వేలాడేసి, ఆకులు దోసిలి పట్టినట్టు పైకి పెట్టుకుని తేలే మొక్క అది. దానికి మట్టి అక్కర్లేదు, మన దయా అక్కర్లేదు. పక్కకొక తీగ చాచి పిలక వేస్తుంది, ఆ పిలక ఇంకో పిలక వేస్తుంది. చూస్తుండగానే తొట్టి మూసుకుపోయేది. ఎక్కువైనవాటిని ఏరి పెంటదిబ్బ మీద పారెయ్యడం నా పని. తిట్టుకుంటూ చేసేదాన్ని.

మరుసటి వేసవికి అమ్మకు నెలలు నిండుతూ వచ్చాయి, కాళ్లకు వాపు కూడా వచ్చింది. నా తర్వాత పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయాడు. అప్పుడూ అమ్మకు ఇలాగే కాళ్లు వాచాయట. అందుకని నాయన ముందుగానే నెల్లూరు తీసుకుపోయి చూపించాడు. ఉప్పు పూర్తిగా మానెయ్యాలనీ, వాపు ముఖానికి ఎక్కితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి అమ్మ ఉప్పు లేని కూడు తింటూ వసారాలో, తొట్టికి ఎదురుగా మంచం మీద పడుకునేది. నేను రోజూ లేవగానే ఆమె కళ్ల కింద చూసేదాన్ని.

మా వైపు లోతు బావులు తవ్వరు. ఇసుకలో వెడల్పుగా గుంట తీసి, మోకాటి లోతు నీళ్లు ఊరగానే ఆపేస్తారు. దాన్ని దొరువు అంటారు. ఇసుక అడుగున ఉప్పునీళ్లు ఉంటాయి, వాటి మీద వాన నీళ్లు తేలుతుంటాయి. పైవి ముంచుకోవాలి, కిందివాటిని కదిలించకూడదు. నీళ్లు చాలకపోతే పక్కకు తవ్వుతారు గాని కిందికి తవ్వరు. ఊళ్లో పసిపిల్లలకు కూడా ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ ఏడు వానలు లేక మా దొరువు ఎండుతూ వచ్చింది. పక్కకు తవ్వుదామంటే అవతల వేరేవాళ్ల కంచె. సరుగుడు తోట అవతల ఇంకో దొరువు ఉంది గాని, చాలా దూరం. తను పొలంలో ఉన్నప్పుడు అమ్మ ఆ నిండు కడుపుతో బిందె ఎత్తుకుని అంత దూరం పోతుందేమోనని నాయనకు బెంగ. అందుకని మా దొరువునే ఇంకొంచెం కిందికి తవ్వాడు. నీళ్లు ఊరాయి. బాగానే ఉన్నాయని అందరం తాగాం.

వాపు మాత్రం తగ్గలేదు. చీలమండలు దాటి పైకి ఎక్కింది, గాజులు బిగుసుకున్నాయి. ఒకరోజు నాయన నన్ను పక్కకు పిలిచాడు.

"మీ అమ్మ ఊరగాయ జాడీ కాడికి పోతా ఉండాదేమో చూస్తా ఉండు" అన్నాడు.

కన్నతల్లి మీద కాపలా కాశాను. జాడీకి కట్టిన గుడ్డ ముడి కట్టింది కట్టినట్టే ఉంది. అమ్మ తప్పు లేదని సంతోషించాల్సింది పోయి నాకు ఇంకా భయం వేసింది. ఊరగాయ కాకపోతే మరేమిటి?

అప్పుడే ఇంకో సంగతి తట్టింది. తొట్టిలో ఏరి పారేసే పని నాకు లేకుండా పోయింది. మొక్కలు నిగనిగలాడుతున్నాయి గాని ఒక్కదానికీ పిలక లేదు. అనుమానం వచ్చి ఒక మొక్క మొదట్లో ఎర్రదారం కట్టాను. తెల్లవారి చూస్తే దారం లేదు. ఇంకోదానికి కట్టాను, అదీ మాయమైంది. మొక్కల్ని ఎవరో మారుస్తున్నారు. తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. కొంచెమే, కానీ ఉప్పే. తొట్టికీ తాగే కుండకూ నీళ్లు ఆ దొరువువే. నాయనకు తెలుసా? తెలిసే అమ్మ చేత తాగిస్తున్నాడా? నాయనంటే నాకు భయం పుట్టింది ఆ రోజే.

మర్నాడు తెల్లవారుతుండగా పెరటి గుమ్మంలో కూర్చున్నాను. సరుగుడు తోట వైపునుంచి నాయన కావడి మోసుకుంటూ వచ్చాడు. రెండు కడవల నీళ్లు. కావడి కొసకు తడి తువ్వాలు మూట, మూటలోంచి పచ్చటి ఆకులు.

"మొక్కలు మారస్తా ఉండేది నువ్వేనా నాయనా?" అన్నాను.

ఆయన కావడి దించలేదు. "నీకెట్టా తెలిసింది?"

"తొట్టి నీళ్లు ఉప్పగా ఉండాయి. అమ్మ తాగేదీ అయ్యే గదా."

"ఇప్పుడు తాగేది అయ్యి కాదు. ఆకులు ఎర్రబడి ముడుచుకున్నప్పుడే నాకు తెలిసిపొయ్యింది. ఆ పొద్దు నుంచీ తాగే కుండలో పోస్తా ఉండేది ఈ నీళ్లే."

"మరి మొక్కలెందుకు మార్చేది?"

"తొట్టి నింపేదానికి ఈ నీళ్లు చాలవు. పొద్దస్తమానం ఆమె చూసేది ఆ మొక్కల్నే. అయ్యి చస్తా ఉంటే ఎందుకని అడగదా? ఏం చెప్పేది? తవ్వినోణ్ణి నేనే గదా." కావడి దించి, "మీ అమ్మకు చెప్పబాక అమ్మీ" అన్నాడు.

అంటూనే, అమ్మ విన్నదేమోనని వసారా వైపు తొంగి చూశాడు. పొగరుబోతు ఎద్దుల్ని ఒంటి చేత్తో ఆపే మనిషి. ఆయనకే భయంగా ఉంటే ఇక నాకు దిక్కెవరు?

అమ్మకు నేను చెప్పలేదు. కొద్దిరోజులకు అమ్మ కళ్ల కింద కూడా ఉబ్బింది. నాయన ఆ పూటే బండి కట్టి నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. నన్ను పక్కింటి అత్త దగ్గర వదిలారు. మొక్కలు మార్చేవాళ్లు లేక తొట్టిలో ఆకులు ఎర్రబడి, మెత్తబడి, ఒక్కొక్కటే మునిగాయి. చూడలేక తొట్టి మీద గోనెపట్టా కప్పాను. బండి చప్పుడైనప్పుడల్లా వీధిలోకి పరుగెత్తేదాన్ని.

ఇద్దరూ బతికి వచ్చారు, అమ్మా, బక్కచిక్కిన చెల్లెలూ. అమ్మ మంచం మీద కూర్చుని గోనెపట్టా తొలగించి చూసింది. నాయన నా వైపు చూశాడు, నేను నేల చూశాను.

"మార్చేవాళ్లు లేరు గదా, చచ్చిపోయినాయి" అంది అమ్మ.

నాయన మంచం దగ్గరికి వచ్చాడు. "నీకు తెలుసా?"

"ఒకపొద్దు కుండలో నీళ్లు తియ్యగా తగిలినాయి. నాకు భయం పుట్టింది ఆ పొద్దే. అంతకు ముందు తాగిందేందో అప్పుడు గదా తెలిసింది."

"మరి అడగలేదే?"

"అడిగితే మీరు భయపడతారని."

నాయన లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, ముందు తాను ఒక గుక్క ఎత్తి పోసుకుని, కాసేపు ఆగి, అప్పుడు అమ్మ చేతికిచ్చాడు. ఆయన బతికినన్నాళ్లూ అమ్మకు నీళ్లు అలాగే ఇచ్చాడు.