ఎనిమిదితో భాగించని శుక్రవారం

తొంభైల చివర్లో ఫిలింనగర్‌లో ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. ఆ వాలు మీద మా మేడ. కింద నిర్మాతగారి ఆఫీసు, పైన మా రికార్డింగ్ గది. పొద్దున్నే కిటికీ తెరిస్తే షేక్‌పేట వైపు నుంచి మంచు మెల్లగా పైకొచ్చి రాళ్లను ఒక్కొక్కటిగా కప్పేసేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులన్నీ ఆ మంచులోనే జరిగినట్టనిపిస్తాయి.

ఆ గదిలో నాకున్న కాస్త గౌరవం లెక్కల వల్ల వచ్చింది. పాటను టేపులో పెట్టి మద్రాసు నుంచి మనిషిచేత పంపే రోజులు పోయాయనీ, ఇక టెలిఫోను తీగలోనే వచ్చేస్తుందనీ అందరికీ ఊదరగొట్టింది నేనే. మా డిజిటల్ లైను వేగం సెకనుకు అరవై నాలుగు కిలోబిట్లు. ఆ మాట నోటితో అనడమే నాకు ఓ పండుగ. టీ తెచ్చినవాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.

మా దగ్గర ట్రాక్ పాడే అమ్మాయి ఒకామె ఉండేది. పెద్ద గాయని వచ్చి పాడేదాకా పాట ఎలా ఉంటుందో తెలియడానికి ముందుగా పాడి ఉంచేదే ట్రాక్. అసలు గొంతు రాగానే దాన్ని తుడిచేస్తాం. తుడిచేది నేనే. మధురానగర్ నుంచి బస్సులో వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, కళ్లు మూసుకుని పాడి వెళ్లిపోయేది. నాలుగేళ్లలో ఆమెవి ఎన్ని పాటలు తుడిచానో నాకే తెలియదు. పాపమనిపించేది. అయినా తుడిచేవాణ్ణి.

ఆ శుక్రవారం కొత్త సినిమా ముహూర్తం, ఉదయం పది గంటల ఎనిమిది నిమిషాలకు. మేడ ముందు పందిరి వేసి, మొదటి క్లాప్ కొట్టేటప్పుడు స్పీకర్లలో పాట వినిపించాలి. అప్పటికి మా దగ్గరున్నది ఆ అమ్మాయి పాడిన ట్రాకే.

"అన్నా, రేపు అమ్మను తోలుకొస్తున్న," అంది గురువారం పొద్దున. "నాలుగేండ్ల సంది పాడుతున్ననంటవ్, ఒక్కటన్న నా చెవుల పడ్డదా అంటుంది. రేపు గూడ ఇనకపోతే ఇగ స్టుడియో బంద్. మా మామ ఏదో టైపు నౌకరి చూసిపెట్టిండు."

ఆ సాయంత్రమే మద్రాసులో పెద్ద గాయనికి తీరిక దొరికి పాట పాడేశారు. ముహూర్తానికి అసలు గొంతే వినపడాలన్నారు నిర్మాతగారు. ఆ సంగతి అమ్మాయికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మద్రాసు ఇంజనీరు ఫోన్ చేశాడు. "పొద్దున ఎనిమిదింటికే మొదలుపెడదామా సార్?"

పాట నలభై ఆరు మెగాబైట్లు. అంటే నలభై ఆరు వేల కిలోబైట్లు. అరవై నాలుగుతో భాగించాను. ఏడువందల పైచిలుకు సెకన్లు. "అంత తొందరెందుకండీ? పన్నెండు నిమిషాల పని. తొమ్మిదిన్నరకు చాలు," అన్నాను దర్జాగా. అతనికీ ఈ పద్ధతి కొత్తే, సరేనన్నాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకు పాట బయల్దేరింది. కంప్యూటర్ తెర మీద నీలం పట్టీ కదలడం మొదలైంది. తొమ్మిదీ నలభై రెండుకి అది ఎనిమిదో వంతు దగ్గరుంది. లైను బాగాలేదేమో అనుకున్నాను. పెన్ను తీసి లెక్క మళ్లీ వేశాను. లైను బిట్లలో నడుస్తుంది, పాట బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు కలిస్తేగానీ ఒక బైటు కాదు. అరవై నాలుగు కిలోబిట్లంటే సెకనుకు ఎనిమిది కిలోబైట్లే. నా పన్నెండు నిమిషాలు నిజానికి తొంభై ఆరు.

"ఏమయ్యా, దిగిందా పాట?" నిర్మాతగారు పట్టుపంచె ఎగ్గట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"ఇంకా గంటపైనే పడుతుందండీ. పదకొండు దాటుతుంది."

"పదిన్నరకి రాహుకాలమయ్యా బాబూ! ముహూర్తం నీ కంప్యూటర్ కోసం ఆగుతుందా? ఉన్నది పెట్టి తగలెయ్!"

ఉన్నది పెట్టాను. పది గంటల ఎనిమిది నిమిషాలకు కొబ్బరికాయ కొట్టారు. ఆ అమ్మాయి గొంతు స్పీకర్లలోంచి లేచి, పందిరి దాటి, బండల మీదుగా ఎక్కడికో సాగిపోయింది. ఎండ అప్పుడే మంచును విడదీస్తోంది. జనం మాటలాపి తలలెత్తారు. కిటికీలోంచి చూస్తుంటే కాలం ఎవరో చేత్తో పట్టుకుని ఆపినట్టుంది. చివరి వరసలో వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కూతుర్ని ఎన్నడూ చూడనట్టు చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

రాహుకాలంలో ఎవరూ పని ముట్టుకోరు కాబట్టి అందరూ ఉప్మా ప్లేట్ల చుట్టూ చేరారు. పదకొండూ ఆరుకి, నా లెక్కను వెక్కిరిస్తూ, మద్రాసు పాట పూర్తిగా దిగింది. అప్పుడే ఆ అమ్మాయి పైకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ పెద్ద గాయనమ్మ పాట మద్రాసు నుంచి వస్తుందట గదా, కింద చెప్పిన్రు. నువ్వు కావాల్ననే ఆలస్యం చేసినవ్ గదన్నా, నాకోసం? నీ నౌకరి పోతదని ఫికర్ గూడ చెయ్యలే."

తలూపాను.

ఆమె చేతులు జోడించి వెళ్లిపోయింది. పన్నెండు దాటాక మద్రాసు గొంతు ఎక్కించి, ఆమె ట్రాక్ తుడిచేశాను.

ఆమె టైపు ఉద్యోగానికి పోలేదు. కచేరీలు చేసింది, ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో పిల్లలకు పాట నేర్పుతోంది. ఎప్పుడు కనిపించినా శిష్యులను పిలిచి, నాకోసం ధైర్యం చేసిన అన్న ఈయనే అని చూపిస్తుంది. పిల్లలు నా కాళ్లకు దండం పెడతారు. లెక్క సరిగ్గా వచ్చుంటే ఆ రోజు ఎనిమిదింటికే మొదలుపెట్టి, తొమ్మిదీ ముప్పై ఆరుకల్లా ఆమె గొంతును ఈ చేతులతోనే తుడిచేసేవాణ్ణి.