అత్తయ్య మునగాకు పప్పు

మా మేనత్త సుబ్బరత్నమ్మ మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోదు, వాళ్లు తినని కూరతో గుర్తుపెట్టుకుంటుంది. రెడ్డిగూడెంలో అందరికీ నేను రవిచంద్రని. ఆమెకి మాత్రం "కాకరకాయ తినని వెధవ"ని. బ్యాంకు మేనేజరు గారు "ఆనపకాయంటే పారిపోయే ఆయన". పెళ్లిలో అక్షింతలు వేసి, పెళ్లికూతురి చెవిలో "తోటకూర తింటావా అమ్మా?" అని అడిగిన మనిషి.

ఈ వేసవిలో ఆమె కన్ను నా మామిడికాయల షెడ్డు మీద పడింది. సీజన్‌లో అక్కడ పాతికమంది కాయలు ఏరి ట్రేలలో సర్దుతుంటారు. ఒక మధ్యాహ్నం ఆటోలో పెద్ద పెద్ద క్యారియర్లతో దిగింది.

"ఏం తింటున్నార్రా?"

"అన్నం, ఆవకాయండి," అన్నాడు లోడింగు ముఠా మేస్త్రీ పాల్ రాజు.

"నిన్న?"

"ఆవకాయేనండి."

"రేపు?"

పాల్ రాజు ఆవకాయ డబ్బా వెనక్కి దాచాడు.

ఆ రోజు నుంచి షెడ్డులో ఆమెదే రాజ్యం. మునగాకు పప్పు, గోంగూర, బీట్‌రూట్ వేపుడు, చివర్లో జామకాయ ముక్కలు. అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి, నన్నూ అందులోనే ఇరికించి, తనూ కంచం పెట్టుకునేది. పప్పు మీద నిమ్మకాయ పిండుతూ, "ఇలా తింటే ఆకులో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. మీద టీ తాగారో, చంపేస్తాను," అనేది. పక్కనే టీ కొట్టు నడిపే ఇన్నయ్య ఆమె ఆటో చప్పుడు వినగానే స్టవ్ ఆర్పేసేవాడు.

పాల్ రాజు ఒకరోజు తన వంతు బీరకాయ కూరని కాగితంలో చుట్టి, బంగినపల్లి ట్రే అడుక్కి తోశాడు. లారీ చేరాక నాగపూర్ వ్యాపారి ఫోన్ చేశాడు.

"రవిచంద్ర గారూ, కాయలు బాగున్నాయండి. కూరే పాడైపోయింది."

ఇక లాభం లేదని అత్తయ్య దగ్గరికెళ్లాను.

"జనం పని మానేసేలా ఉన్నారు అత్తయ్యా. ఆపేద్దాం."

"సీజన్ అయ్యేదాకా ఆపను. నువ్వు ముందు ఆ కాకరకాయ ముక్క మింగు."

మా షెడ్డులో కాయల్ని సైజుల వారీగా విడదీసే రిబ్కమ్మకి వేసవి మొదట్లో ఆరో నెల. నాలుగు కాయలు ఏరితే గోడకి ఆనుకునేది, పెదాలు పాలిపోయి ఉండేవి. రక్తం బాగా తక్కువగా ఉందని, ఇలాగే ఉంటే కాన్పు కష్టమని డాక్టరమ్మ మాత్రలు రాసింది. మాత్రలైతే వేసుకునేది కానీ తిండి మాత్రం ఆ ఆవకాయన్నమే.

సీజన్ చివర్లో ఒకరోజు ఆ రిబ్కమ్మే ఆసుపత్రి నుంచి నేరుగా షెడ్డుకొచ్చింది. నడకలో ఆయాసం లేదు.

"అమ్మగారూ, రక్తం పెరిగిందంటండి. నర్సమ్మ నమ్మక మళ్లీ చూసింది. భయం లేదు, పట్నం వెళ్లక్కర్లేదు, కాన్పు మన ఊరి ఆసుపత్రిలోనే చేస్తామన్నారు."

షెడ్డంతా చప్పట్లు. పాల్ రాజు ఈల వేశాడు. అత్తయ్య ఎలక్షన్లో గెలిచినట్టు చెయ్యి ఊపుతూ ట్రేల మధ్య ఊరేగింది. "మాత్రలు సగం, మునగాకు సగం," అని ప్రకటించి, కాస్త ఆలోచించి, "మాత్రలు పావు," అని సవరించింది. వెంటనే రిబ్కమ్మ వైపు తిరిగి, "అవి మానావంటే ఊరుకోను," అంది.

అత్తయ్యని ఆటో ఎక్కిస్తూ అడిగాను.

"రిబ్కమ్మ ఒక్కదానికే క్యారియర్ పంపితే పోయేదిగా అత్తయ్యా. మమ్మల్నందర్నీ ఎందుకు చంపావు?"

"ముందు అదే చేశాను. 'ఒకరి దగ్గర ఊరికే తినలేనండి' అని మూతైనా తియ్యకుండా తిప్పి పంపింది. పౌరుషం గల పిల్ల. నలుగురితో పాటైతే కాదనదని అందరికీ పెట్టాను."

"అంటే పాల్ రాజు, నేను, మిగతావాళ్లు..."

"తోడు కూర్చున్నార్రా. అంతే. ఆ పిల్లకి మాత్రం తెలియనివ్వకు."

జూలైలో రిబ్కమ్మకి బొద్దుగా ఆడపిల్ల పుట్టింది. షెడ్డు వాళ్లందరం చూడ్డానికి వెళ్లాం. అత్తయ్య పాపని ఒళ్లో వేసుకుని, ఆర్నెల్లు నిండాక మెత్తగా ఉడికించిన క్యారెట్ ఎంత బాగుంటుందో దానికి వివరిస్తోంది. రిబ్కమ్మ నా వైపు వంగి గుసగుసగా అంది.

"నా కోసమే వండుతున్నారని నాకు మొదట్నుంచీ తెలుసండి. కాకపోతే మీరంతా అంత కష్టపడి తింటుంటే, మధ్యలో లేవబుద్ధి కాలేదు."