ఎత్తుకొచ్చిన ఆకు

శృంగవరపుకోట బజారు వీధిలో ఏ పెరట్లో బ్రహ్మకమలం కనిపించినా అది దొంగసొత్తే. ఎవరినో ఆడిపోసుకోవడానికి అంటున్న మాట కాదిది. ఆ వీధి ఆడవాళ్ళే నవ్వుతూ ఒప్పుకుంటారు. అన్ని మొక్కలకూ మూలం ఒక్కటే. కిరాణా దుకాణం నగరేశ్వరరావు భార్య కాంతం పెరట్లో, పగిలిన ఆవకాయ జాడీలో పెరిగిన మొక్క. తన మొక్కా అలా వచ్చిందే కాబట్టి కాంతం ఎవరినీ ఏమీ అనేది కాదు.

కాంతం పుట్టిల్లు బొబ్బిలి. వాళ్ళ ఇంటి వెనక వీణలు చేసేవాళ్ళుండేవారు. పగలంతా పనస దుంగను తొలిచే చప్పుడు. సాయంత్రం తీగలు బిగించి, ఒక్కొక్కటీ మీటి చూసుకునేవారు. అది పాట కాదు, పాటకు ముందుండేదేదో. ఆ చప్పుడుకు కళ్ళు మూసి ఆ చప్పుడుకే కళ్ళు తెరిచిన పిల్ల కాబట్టేమో, పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళు దాటినా కాంతం సగం మెలకువలోనూ సగం కలలోనూ తిరిగేది. పొయ్యి మీద పప్పు మాడుతుంటే కిటికీలోంచి కొండల మీద మబ్బు దిగడం చూస్తూ నిలబడేది. కాంతం ఇంట్లో మాడు వాసన వస్తే పన్నెండయినట్టు లెక్క అని పొరుగింటివాళ్ళు మేలమాడేవారు.

అత్తవారిల్లు మాత్రం కలలకు చోటున్న ఇల్లు కాదు, నిజాయితీకి ఊళ్ళో పేరున్న ఇల్లు. వాళ్ళ దుకాణంలో మేకుకు ఒక గొడుగు వేలాడుతూ ఉండేది. ఎవరో బేరగాడు మరిచిపోయి వెళ్ళాడు. ఎవరిదో తెలియదు. నగరేశ్వరరావు ఏటా వేసవిలో దాన్ని విప్పి, దులిపి, మళ్ళీ అదే మేకుకు తగిలించేవాడు. కుండపోతగా కురుస్తున్నా తను నిలువునా తడుస్తూ ఇంటికి వచ్చేవాడు గాని ఆ గొడుగు ముట్టుకునేవాడు కాదు. నాలుగేళ్ళు అలాగే ఉంది. ఆ ఇంటి కోడలు దొంగతనం చేసిందంటే నమ్మేవాళ్ళెవరు?

వెనక సందు దాటితే రైతుల వీధి. అందులో కూర్మమ్మ ఇల్లు. ఆరెకరాల రైతు జగన్నాధం భార్య. కాంతం కన్నా పదేళ్ళు పెద్దది, పొడుగు మనిషి, మాట కటువు, చెయ్యి మెత్తన. కాంతం కాపరానికి వచ్చిన కొత్తలో దిగులుపెట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చుంటే, దారిన పోతూ ఆగి, ఏటమ్మా అలాగున్నావని పలకరించిన మొదటి మనిషి కూర్మమ్మే. ఆ రోజు నుంచి కాంతానికి ఆమె అప్ప, తోడబుట్టని అక్క. మధ్యాహ్నం మగవాళ్ళ భోజనాలయ్యాక అప్ప ఇంటి అరుగు మీద కూర్చుని, ఆవిడ ఇచ్చే మజ్జిగ తాగి వస్తేగాని కాంతానికి రోజు గడిచేది కాదు.

బ్రహ్మకమలం ముందు ఆ ఇంట్లోనే పూసింది. కూర్మమ్మ తమ్ముడు ఎల్లాజీ ఘాటీలో కొత్తగా వేస్తున్న రైలు లైను మీద మేస్త్రీ. అనంతగిరి దగ్గర ఏదో బంగళా తోటలోంచి ఒక ఆకు తెచ్చి అక్కకిచ్చాడు. చూడ్డానికి ఏమీ లేని మొక్క. కొమ్మా రెమ్మా లేదు. ఆకు అంచు నొక్కులోంచి ఇంకో ఆకు, దాని అంచులోంచి మరొకటి. ఎంగిలి విస్తరాకుల్లా వేలాడుతూ ఉండేది. తర్వాత శ్రావణంలో ఒక సాయంత్రం కూర్మమ్మ కబురుపెట్టింది. దీపాలు పెట్టాక కాంతం వెళ్ళేసరికి మొగ్గ వంకర మెడ ఎత్తుకుని ఉంది. అందరూ చూస్తుండగానే చిన్నగా వణికింది. ఒక రేక విడింది. ఇంకొకటి. భోజనాల వేళకు అరచెయ్యి పట్టనంత తెల్లని పువ్వయింది. వాసన మాత్రం నెమ్మదిగా వచ్చింది, పక్క గదిలోంచి ఎవరో మనని తలుచుకుంటున్నట్టు. హారతిచ్చారు. తెల్లారేసరికి పువ్వు వాడి కిందికి వాలిపోయింది.

కాంతం ఆ పువ్వును నిజంగా చూసిందో కలగన్నదో తనకే తేలలేదు. మళ్ళీ ఒక్కసారి, తన ఇంట్లో, తన కళ్ళ ముందు అది విడితే తేలుతుందనిపించింది. ఆ కోరిక మనసులో పడ్డాక ఇంకేదీ రుచించలేదు.

అడిగింది. కూర్మమ్మ మంచి ఆకు చూసి, కత్తిపీట మీద కోసి, పసుపు కుంకుమతో చేతిలో పెట్టింది. కాంతం ఇంటికి వచ్చీ రాగానే కుండీ నిండా పేడ ఎరువు వేసి, ఆకు గుచ్చి, పొద్దునా సాయంత్రమూ పసుపు నీళ్ళు పోసి, దణ్ణం పెట్టుకుంది. పది రోజులకు ఆకు మొదలు చీమిడిలా కుళ్ళిపోయింది. రెండోసారి అడిగింది. ఈసారి ఇంకా భక్తిగా, మూడు పూటలా నీళ్ళు పోసింది. వారానికే కుళ్ళింది. మూడోసారి అడగడానికి మొహం చెల్లలేదు.

పెరుగు పోసే దాలమ్మ ఈ సంగతి విని నవ్వింది. అడిగి తెచ్చిన ఆకు బతకదని, ఎత్తుకొచ్చిన ఆకు చస్తానన్నా చావదని ఆవిడ చెప్పింది. ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే. కాంతానికి మాత్రం ఆ మాట మేకు దిగినట్టు దిగింది.

అరవయ్యారో సంవత్సరం వేసవి. మిట్టమధ్యాహ్నం. అరుగు మీద కాంతం, లోపలికి మజ్జిగ తేవడానికి వెళ్ళిన కూర్మమ్మ. కుండీ చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. కాంతం చెయ్యి చాచింది. ఆకు తెగిన చప్పుడు చిన్నదే గాని ఆమె చెవికి తలుపు విరిగినట్టు వినబడింది. ఆకును పమిట కింద దాచుకుని, మజ్జిగ రాకముందే, చెప్పకుండా, సందులో పడి ఇంటికి పరుగెత్తింది.

నాటడం ఎలా? గొడుగు మేకుకు తగిలించిన మొగుడికి ఏమని చెప్పాలి? ఆకును అటక మీద, చింతపండు బుట్టల వెనక దాచేసింది. పదకొండు రోజులు అటు చూడలేదు. నగరేశ్వరరావు సరుకులకు విజయనగరం వెళ్ళిన రోజున దించితే, ఆకు కాస్త ముడతపడింది, తెగిన చోట ఎండి పక్కు కట్టింది. ఇక బతకదనుకుంటూనే పగిలిన జాడీలో నాలుగు ఇటుక ముక్కలు, పుట్టింటినుంచి పొయ్యి రాజెయ్యడానికి తెచ్చుకున్న పనస పేళ్ళు, గుప్పెడు మట్టి వేసి గుచ్చింది. దాని మొహం చూడ్డానికి సిగ్గేసి నీళ్ళు కూడా సరిగా పోయలేదు. ఎక్కడిదని మొగుడడిగితే బొబ్బిలినుంచి అన్నయ్య పంపాడంది. ఆ ఇంట్లో అబద్ధం అంత సులువుగా చెల్లుతుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

ఆ ఆకు బతికింది. నెలకు వేరు పట్టింది. వానలకు చిగురేసింది. ప్రేమతో రెండింటిని చంపిన మనిషి భయంతో ఒకదాన్ని బతికించింది. ఆ సంగతి తర్వాతెప్పుడో ఆమెకే అర్థమయింది. గాలికి తెగి జాడీ వెనక పడ్డ ఆకొకటి, పక్షం రోజులు ఎవరూ ముట్టకుండా ఎండి, ఆనక తనంత తనే వేరు దించింది. దొంగతనం మహిమ కాదు, తెగిన చోట పుండు మానాలి, అంతే. పుండు మానకుండా తడిలో పెడితే మనిషైనా కుళ్ళుతాడు.

మొక్క బతికింది గాని స్నేహం బతకలేదు. కాంతం అప్ప ఇంటికి వెళ్ళడం మానేసింది. ఏ మొహంతో వెళ్తుంది? దాలమ్మ చేత కూర్మమ్మ రెండుసార్లు కబురుపెట్టింది. ఒకసారి జ్వరమంది, ఒకసారి చుట్టాలంది. సంతకు కూడా రైతుల వీధి మీదుగా కాక చుట్టూ తిరిగి వెళ్ళేది. మూడోసారి కబురు రాలేదు. ఏడాది గడిచింది, మరొకటి గడిచింది. ఘాటీలో లైను పూర్తయి ఇనుపరాయి మోసే గూడ్సులు ఊరి పక్కనుంచి పోవడం మొదలయింది. మధ్యాహ్నం వేళ ఆ బండి కూత వినబడితే, ఇదివరకు ఈ వేళకు అరుగు మీద ఉండేదాన్ని కదా అనుకునేది కాంతం. మజ్జిగ ఇంట్లోనూ ఉంది. తాగబుద్ధయ్యేది కాదు.

అరవై తొమ్మిది ఆషాఢంలో జాడీ మొక్కకు మొగ్గ వచ్చింది. ఒక్కటే.

నగరేశ్వరరావు సంబరం ఇంతా అంతా కాదు. పువ్వు పూసిన ఇంటివాళ్ళు నలుగురినీ పిలిచి చూపించాలి, లేకపోతే మరుసటేడు పూయదంటారు. ఆయన బేరానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. చివరికి భార్యతో, కూర్మమ్మగారిని నువ్వే వెళ్ళి పిలవాలి సుమా, ఈ ఊళ్ళో ఆ పువ్వు మొదట చూపించింది ఆవిడే కదా అన్నాడు. కాంతం తల ఊపింది. మొగ్గ రోజురోజుకూ పెరుగుతోంది, ఆమెకు తిండి తగ్గుతోంది. పిలిస్తే అప్ప ఆ మొక్కను చూడగానే గుర్తుపడుతుంది. పిలవకపోతే వాసన సందు దాటి తనే వెళ్ళి పిలుస్తుంది. ఒక పొద్దున్న కత్తిపీట తెచ్చి మొగ్గ ముందు కూర్చుంది. మొగ్గ అప్పటికే మెడ ఎత్తింది. ఆ సాయంత్రమే విడుతుందని తెలిసిపోయింది. మూడేళ్ళు కలగన్న దాన్ని చేతులారా కోయలేక కత్తిపీట మడిచేసింది.

మధ్యాహ్నం, పాత వేళకే, పాత సందులోంచే నడిచింది.

కూర్మమ్మ అరుగు మీద మినుములు చెరుగుతోంది. జుట్టు నెరిసింది. కాంతాన్ని చూసి చేట ఆపలేదు. కాంతం కళ్ళు ముందు కుండీ కోసం వెతికాయి. కుండీ ఉంది. అందులో మిరప నారు ఉంది.

“మొక్కేదప్పా?” అంది, తను వచ్చిన పని మరిచిపోయి.

కిందటేడు వానలకు కుండీ చిల్లు పూడుకుపోయి, నీళ్ళు నిలిచి, మొదలంటా కుళ్ళిపోయిందని కూర్మమ్మ చెప్పింది. కాంతం అక్కడే మెట్టు మీద కూలబడింది. ఎలా మొదలుపెట్టాలని దారంతా అనుకున్న మాటలేవీ గుర్తు రాలేదు.

“నేను ఎత్తుకుపోయినానప్పా,” అంది. “నువ్వు మజ్జిగకెళ్ళినప్పుడు. మూడేళ్ళయింది.”

“తెల్సు.”

చేట ఆగింది. కూర్మమ్మ ఆమె వైపు తిరిగింది.

“కుండలోంచి గళాసుడు మజ్జిగ తియ్యడానికి అంతసేపెందుకు పట్టిందనుకున్నావు? నానిచ్చినవి రెండూ సచ్చిపోనాయి. ఎత్తుకెళ్తేనైనా బతుకుతాదని గుమ్మం ఎనకాల నిలబడి సూసినాను. నువ్వు తెంపినాకే మజ్జిగ పట్టుకొచ్చినాను. వచ్చీసరికి నువ్వు నేవు.”

కాంతం ఆ గుమ్మం వైపు చూసింది.

“ఆకు పోతే పోనాది,” అంది కూర్మమ్మ. ఆ కటువు గొంతు ఒక్కసారి సన్నబడింది. “మనిసివి నువ్వెందుకు రానేదే? ఏటి తప్పు సేసినానో తెలక మూడేళ్ళు కుమిలిపోనాను.”

కాంతం ఏడ్చింది. అప్ప మోకాలి మీద తల పెట్టుకుని, మినుములు చెదిరిపోయేలా ఏడ్చింది. కూర్మమ్మ ఆపమనలేదు. మూడేళ్ళ మధ్యాహ్నాలు ఒక ఆకు చాటున పోయాయి, అవి తిరిగి రావు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి కాంతం కళ్ళు తుడుచుకుని, సాయంత్రం పువ్వు విడుతుంది రమ్మంది. మొక్కలో ముప్పాతిక భాగం తీసుకుపొమ్మంది. తను కనిపెట్టిన సంగతి కూడా చెప్పింది. దొంగతనంలో ఏమీ లేదని, పది రోజులు అటక మీద ఆరబెట్టి గుచ్చితే ఇచ్చిన ఆకైనా బతుకుతుందని వివరించింది. కూర్మమ్మ అంతా విని పెదవి విరిచింది.

“ఆరబెడతాను. అదేటో నాకు తెల్దు గానీ, అడిగి మాత్రం పుచ్చుకోను.”

చీకటి పడుతుండగా వీధి వీధంతా నగరేశ్వరరావు పెరట్లో చేరింది. పువ్వు విడింది. కాంతం రెప్ప వెయ్యకుండా చూసింది. అదే వణుకు, అదే తెలుపు, వెనక ఎక్కడో తీగ బిగించి మీటినట్టు అదే వాసన. ఈసారి పక్కనే అప్ప భుజం తగులుతోంది కాబట్టి ఇది కల కాదని తేలిపోయింది. బొబ్బిలి మొక్క ఎంత బాగా పూసిందోనని నగరేశ్వరరావు పదిమందికీ చెబుతున్నాడు. కాంతం నిజం చెప్పబోతే కూర్మమ్మ చెయ్యి నొక్కి, రేపు సెప్పుదువులే, ఈ పూట ఆయన్ని ఆనందించనీ అంది. మర్నాడు కాంతం చెప్పింది కూడా.

ఆ రాత్రి హారతయింది. పిల్లలు నిద్రకు తూలుతున్నారు. ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. నగరేశ్వరరావు లాంతరు పట్టుకుని వాళ్ళను వీధి దాకా దిగబెట్టడానికి వెళ్ళాడు. పెరట్లో ఇద్దరే మిగిలారు. కూర్మమ్మ జాడీ పక్కన కూర్చుని పువ్వు వంకే చూస్తోంది.

“మజ్జిగ తెస్తానుండప్పా,” అని కాంతం లోపలికి వెళ్ళింది.

గ్లాసు నింపడం క్షణంలో అయిపోయింది. గ్లాసు పట్టుకుని, తలుపు చాటున, గోడకేసి మొహం తిప్పుకుని నిలబడింది. బయట ఆకు తెగిన చిన్న చప్పుడయింది. ఆ తర్వాత కూడా ఇంకొంచెంసేపు ఆగి, కాంతం మజ్జిగ తీసుకుని బయటికి వచ్చింది. కూర్మమ్మ కదలకుండా అక్కడే కూర్చుని ఉంది.