ఊగే పీట

మేస్త్రిగారు పీట లేకుండా గడప దాటరు. బ్యాంకుకి వెళ్ళినా, క్షవరానికి వెళ్ళినా, పక్కవాళ్ళని పలకరించడానికి వెళ్ళినా చంకలో మూరెడు ఎత్తు చెక్కపీట ఉండాల్సిందే. "క్షవరం షాపులో కుర్చీ ఉంటుంది కదా మావయ్యా" అని కోడలు అడిగితే, "అది జుట్టు కోసం వేసిన కుర్చీ అమ్మా. నా గుండె సంగతి దానికేం తెలుసు?" అనేవారు.

ఈ చాదస్తం గుండె ఆపరేషన్‌తో పాటు వచ్చింది. అంతకుముందు ఆయన నలభై ఏళ్ళు వడ్రంగం చేసి, తలుపులూ బీరువాలూ భుజాన మోసిన మనిషి. ఆపరేషన్ అయ్యాక స్నానాలగదికి వెళ్ళాలన్నా గోడ పట్టుకునేవారు. రోడ్డు మధ్యలో కాళ్ళు తేలిపోతే ఎలాగన్న భయం పట్టుకుంది. చేతుల్లో కాస్త సత్తువ వచ్చిన రోజునే బాల్కనీలో కూర్చుని, పాత టేకు ముక్కలతో ఈ పీట చేసుకున్నారు. దానిమీద ఏనుగు కూర్చున్నా చలించదని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

విడ్డూరం ఏమిటంటే, నాలుగు నెలలు తిరిగేసరికి ఆ పీట ఊగడం మొదలుపెట్టింది.

ఇక చూసుకోండి. కూరగాయలబ్బాయి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన లోకువైపోయారు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే మేస్త్రీ" అన్నాడు కిరాణా షాపాయన. కోడలికి తల కొట్టేసినట్టయింది. "బాగుచేసుకోండి మావయ్యా, లేదా పారేయండి" అని బతిమాలింది. ఆయన వింటేనా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. పీటకి మాత్రం నాలుగున్నాయి గానీ, నేలకి ఆనేవి మూడే.

మేస్త్రిగారి కుటుంబం నాలుగో అంతస్తులో ఉండేది. ఆ బిల్డింగుకి లిఫ్టు లేదు. మూడో అంతస్తులో రిటైరైన లెక్కల టీచరమ్మ ఒంటరిగా ఉండేవారు. ఒకప్పుడు ఆవిడ కింద వరండాలో గొంతు సవరించుకుంటే పైఅంతస్తు క్లాసుల్లో పిల్లలు ఎక్కాలు అందుకునేవారట. అలాంటి మనిషికి గుండెపోటు వచ్చి తగ్గింది గానీ భయం తగ్గలేదు. డాక్టరు నడవమన్నా ఆవిడ గుమ్మం దాటలేదు. దిగితే మళ్ళీ ఎక్కలేనేమోనని దిగులు. చివరికి, మేస్త్రిగారి పీట ఊగడానికి సరిగ్గా ముందు రోజు, ఆవిడ తమ్ముడు వచ్చి గడువు పెట్టేశాడు. "మూడు నెలలు చూస్తానక్కా. ఈలోగా మెట్లు దిగి ఎక్కగలిగావా, సరే. లేకపోతే ఈ ఇల్లు ఖాళీ చేసి మా ఇంటికి వచ్చెయ్" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న ఇల్లు. ఆవిడ ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రిగారు పీటతో సహా ఆవిడ తలుపు తట్టారు.

"టీచరమ్మా, ఒక్కణ్ణీ మెట్లు దిగాలంటే భయంగా ఉంది. కాస్త తోడు రారూ?"

"బాగుందండీ. నేనే పేషెంటుని."

"నేనూ పేషెంటునే. ఒకరు పడితే ఇంకొకరు కేకెయ్యొచ్చు."

ఆవిడ చెప్పులు వేసుకున్నారు. ఆ రోజు దిగింది తొమ్మిది మెట్లు, మొదటి మలుపు దాకా. అక్కడ మేస్త్రిగారు గుండె మీద చెయ్యి వేసుకుని, పీట వేసుకుని కూలబడ్డారు. వెంటనే లేచారు. "ఊగుతోందండీ. మీరొకసారి కూర్చోండి, ఏ కాలో చూస్తాను."

ఆవిడ కూర్చున్నారు. ఆయన గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి కాళ్ళకేసి చూశారు. జేబులోంచి గరుకు కాగితం తీసి ఒక కాలిని రుద్దారు. "ఇది కాదనుకుంటా. లేవకండి, ఆ రెండోది చూడాలి."

"నలభై ఏళ్ళు ఏం పని చేశారండీ మీరు?" అని ఆవిడ చీవాట్లు పెట్టారు. ఆయన కుక్కిన పేనులా పడున్నారు.

అది మొదలు రోజూ ఇదే తంతు. ప్రతి మలుపులోనూ ఆయాసం, పీట, తనిఖీ, చీవాట్లు. కోడలు కూరల సంచీతో వస్తూ చూసి ఊరుకోలేకపోయింది. "ఆవిడకి గడువు దగ్గరపడుతోంది మావయ్యా. మీ ఆయాసంతో ఆవిణ్ణి కూడా ఆపేస్తున్నారు" అంది.

"ఏం చెయ్యనమ్మా, గుండె" అని ఆయన పీట సర్దుకున్నారు.

కోడలికి భయమేసి, ఆ వారమే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి నడిచే మిషను మీద పరీక్ష చేయించింది. నర్సు కాగితం చూసి నవ్వింది. "ఈయనకి ఆయాసమా? ఆగకుండా పన్నెండు నిమిషాలు నడిచారు. ఆపమంటే ఇంకాసేపు నడుస్తానన్నారు."

కోడలు ఇంటికొచ్చి పీట తిరగేసి చూసింది. ఒక కాలు చివర రంపంతో కోసిన గుర్తు ఉంది. చెయ్యి తిరిగినవాడి కోత, వెంట్రుకవాసి తేడా లేదు.

"మీరే కోసుకున్నారా?"

మేస్త్రిగారు తలుపు దగ్గరగా వేశారు. "మెల్లిగా అమ్మా. కూర్చోండి అంటే కూర్చునే మనిషా ఆవిడ? మెట్ల మీద నలుగురూ చూస్తారని చిన్నతనం. పీట బాగుచెయ్యడానికైతే కూర్చుంటుంది."

"మరి ఊరంతా మీ పనితనం చూసి నవ్వుతోందే."

"నవ్వనీ. వాళ్ళ తలుపులన్నీ నేను బిగించినవే. రోజూ సరిగ్గా పడుతున్నాయిగా."

కోడలికి నవ్వూ, కళ్ళలో తడీ కలిసే వచ్చాయి. మర్నాటినుంచి పీట గుమ్మం దగ్గర తనే తెచ్చిపెట్టింది.

గడువు రోజున తమ్ముడు వచ్చాడు. టీచరమ్మ ఎందుకైనా మంచిదని సర్దిన బట్టల సంచీ అతనికి అందించి, "కింద వేచి ఉండు" అని యాభై నాలుగు మెట్లూ దిగారు. గేటు దాకా నడిచి, వాచ్‌మన్‌ని మంచి నీళ్ళ పంపు కట్టెయ్యలేదని కోప్పడి, వెనక్కి తిరిగారు. వెంటే ఉన్న మేస్త్రిగారు మొదటి మలుపులో పీట వేశారు. ఆవిడ చూడకుండా దాటిపోయారు. రెండో మలుపు, మూడో మలుపు, అలా అన్నీ దాటేశారు. మెట్లన్నీ ఎక్కి తన గుమ్మం ముందు నిలబడి, అందరికీ వినపడేలా గొంతు సవరించుకున్నారు. పైన కోడలు చప్పట్లు కొట్టింది. వెనకే ఎక్కి వచ్చిన తమ్ముడు సంచీ అక్క చేతికి ఇచ్చేసి, "ఇల్లు నీదేలే అక్కా" అన్నాడు.

మేస్త్రిగారు అలవాటు మానలేక, "టీచరమ్మా, ఊగుతోందండీ, ఒకసారి" అంటూ పీట వేశారు.

"మేస్త్రిగారూ, నేను లెక్కల టీచర్ని. మలుపుకోసారి చొప్పున ఎనభై రోజులు కాళ్ళు అరగదీశారు. లెక్కప్రకారం ఈపాటికి పీట నేల మీద పడుకోవాలి. ఇది మొదటి రోజు ఎంత ఊగిందో ఇవాళా అంతే ఊగుతోంది."

ఆయన తల గోక్కున్నారు. "ఎప్పుడు తెలిసింది?"

"రెండో రోజు."

"మరి కూర్చున్నారే."

"తిట్టడానికి బాగుండేది" అని ఆవిడ నవ్వారు. మేస్త్రిగారు కూడా నవ్వి, రేపే కాలు సరిచేస్తానని పీట చంకన పెట్టుకున్నారు.

"ఇప్పుడే వద్దు" అన్నారు టీచరమ్మ. "రెండో అంతస్తు డ్రైవరుగారు నిన్ననే గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. మంచం దిగనంటున్నారట. ఆయనకి ఓపిక రాగానే వెళ్ళి తలుపు తడదాం. ఈసారి ఆయాసపడేది నేను."