రేపు పిలుస్తామన్న పేజీ

రెండు వేల ఐదు వేసవిలో నన్ను జూబ్లీహిల్స్‌లోని ఒక వెబ్‌సైట్ల కంపెనీలో టెస్ట్ లీడ్‌గా వేశారు. ప్రోగ్రామర్లు తయారుచేసిన పేజీలను పరీక్షించి, తప్పుల్లేవని సంతకం చేయడం ఆ హోదాలో నా పని. అప్పట్లో మా ఖాతాదారుల్లో సగం మంది సినిమావాళ్లే.

ఒకరోజు ఫిలింనగర్‌లోని ఒక డబ్బింగ్ సంస్థ నుంచి ఫిర్యాదు వచ్చింది. కొత్తవాళ్లు తమ గొంతు రికార్డు చేసి పంపడానికి మేం చేసిచ్చిన పేజీ రోజూ తనతో మాట్లాడుతోందని ఒకావిడ వాళ్ల ఆఫీసుకొచ్చిందట. మతి చలించిందనుకుని పంపేశారు. మా మేనేజర్ నవ్వేసి, "ఒకసారి చూసొచ్చేయండి మేడం, మన తప్పేం లేదని రాసేద్దాం" అన్నాడు.

ఆవిడ పేరు సత్తెమ్మ. షేక్‌పేట పాత ఊళ్లో ఒంటిగది ఇల్లు. ఇరవై ఏళ్లు సినిమాలకు గొంతు ఇచ్చింది. తెర మీది పెదవులకు మాట కలపాలంటే కళ్లు కావాలి కదా, చూపు పోగానే పనీ పోయింది. రేడియో ప్రకటనలకు గొంతు కావాలని ఈ సంస్థ అడిగేసరికి ప్రాణం లేచొచ్చింది. ఒక్కసారి వింటే చాలు, పొల్లుపోకుండా అప్పజెప్పగలదు.

అంధుల సంఘం వాళ్లిచ్చిన ఆమె పాత కంప్యూటర్‌లో అక్షరాలు మాత్రమే చూపే బ్రౌజర్ ఉండేది. అందులో బొమ్మలుండవు, స్క్రిప్టులు నడవవు. స్క్రిప్టు అంటే పేజీ లోపల పనిచేసే చిన్న ప్రోగ్రాం. తెర మీది అక్షరాలను ఒక యంత్రస్వరం పైకి చదివేది.

"ఇంకో రెండు స్టూడియోలోళ్లు పిలిస్తె గూడ పోలే. వీళ్లు రోజు పొద్దుగాల రేపు పిలుస్తమనే చెప్తుండ్రు గద" అంది సత్తెమ్మ.

నేను పేజీ తెరిచాను. పేరు రాయలేదు, ఏ బటన్నూ నొక్కలేదు. మీ గొంతు విన్నాం, చాలా బాగుంది, రేపు పిలుస్తాం అని సన్నటి స్వరం, సత్తెమ్మకూ అర్థమయ్యే తేలిక ఇంగ్లీషులో పలికింది. మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ అదే. పట్టపగలు, వాకిట్లో ఎండ మండుతోంది, అయినా నా ఒళ్లు జలదరించింది.

"విన్నవా బిడ్డా? నిన్న గూడ గిట్లనే అన్నది" అంటూ సత్తెమ్మ ఆ స్వరం వచ్చినవైపు తిరిగి నవ్వింది. నాకు నిజంగా భయమేసింది.

ఆఫీసుకెళ్లి పేజీ లోపలి రాత చూస్తే కారణం తెలిసింది. మా ప్రోగ్రామరు ఆ మాటల్ని ముందే పేజీలో రాసిపెట్టి, స్క్రిప్టుతో దాచాడు. గొంతు అందాక స్క్రిప్టే వాటిని బయటపెట్టాలి. స్క్రిప్టు నడవని చోట దాచేవాళ్లెవరు? పంపే బటన్ కూడా స్క్రిప్టు మీదే ఆధారపడింది కాబట్టి ఆమె గొంతు ఆ గది దాటనే లేదు. బ్రౌజర్ తప్పేమీ లేదు. రాసి ఉన్నది ఉన్నట్టు చూపింది, అది చేయాల్సిందీ అదే. స్క్రిప్టు లేకపోయినా బటన్ పనిచేసేలా, గొంతు చేరాకే సర్వర్ నుంచి ఆ మాట వచ్చేలా మేం చేసి ఉండాల్సింది.

సరిచేయడానికి ఒక పూట పట్టింది. తర్వాత ఆ పేజీని పరీక్షించినప్పటి పత్రం తీయించాను. స్క్రిప్టులు ఆపి చూశారా అన్న ప్రశ్నకు ఎదురుగా 'అవసరం లేదు' అని నా చేతిరాతే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటికే ఆ సంస్థ వేరే గొంతును తీసుకుంది. సంగతి చెప్పడానికి నేనే వెళ్లాను. మీ గొంతు ఇంతవరకూ ఎవరూ వినలేదమ్మా అన్నాను. సత్తెమ్మ కంప్యూటర్ వైపు తిరిగింది.

"మరి నెల దినాల సంది నాతోని మాట్లాడింది ఎవరు బిడ్డా?" అని అడిగింది.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా, ఎవరూ ఏమీ చేయకముందే పేజీ ఏం మాట్లాడుతోందో వినడమే నా మొదటి పరీక్షగా పెట్టుకున్నాను.